పన్నెండేళ్ల పాలనపై తీర్పు: న్యూయార్క్ గవర్నర్ ఎన్నిక, 1994

అమెరికాలోని రాష్ట్ర గవర్నర్‌ను భారతదేశంలోని గవర్నర్‌తో పోల్చి చూస్తే పొరపాటు పడక తప్పదు. భారత రాజ్యాంగంలోని 155వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి నియమించే గవర్నర్ చాలావరకు మంత్రిమండలి సలహా మేరకు నడుచుకునే వ్యక్తి కాగా, అమెరికాలో గవర్నరే రాష్ట్ర ప్రభుత్వాధినేత. బడ్జెట్ ప్రతిపాదించడం, శాఖాధిపతులను నియమించడం, చట్టసభ ఆమోదించిన బిల్లుపై సంతకం చేయడమో తిప్పి పంపడమో ఆ పదవిలో ఉన్నవారి పనులు. ఆ లెక్కన ఆ పదవి ఇక్కడి ముఖ్యమంత్రి పదవికి దగ్గరగా ఉంటుంది గానీ, ముఖ్యమంత్రికి శాసనసభలో మెజారిటీయే ఆధారమైతే, అక్కడి గవర్నర్‌ను చాలా రాష్ట్రాల్లో నాలుగేళ్లకోసారి రాష్ట్ర ఓటర్లందరూ నేరుగా ఎన్నుకుంటారు, చట్టసభలో మెజారిటీ ఎదుటి పార్టీదైనా ఆయన పదవికి ముప్పు రాదు. అందువల్ల అక్కడ గవర్నర్ ఎన్నిక రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గంగా మారి, ఇద్దరు వ్యక్తుల మధ్య నేరుగా జరిగే పోటీ రూపం తీసుకుంటుంది.

ఒకే వ్యక్తి ఎన్నిసార్లు ఈ పదవిలో ఉండవచ్చన్న విషయంలో అమెరికా రాష్ట్రాల మధ్య ఏకాభిప్రాయం లేదు. వర్జీనియాలో వరుసగా రెండోసారి పోటీ చేసే వీలే లేదు. చాలా రాష్ట్రాలు రెండు పదవీకాలాలకు హద్దు గీశాయి. న్యూయార్క్ మాత్రం అలాంటి హద్దేదీ పెట్టుకోలేదు. అక్కడ పాలకుణ్ణి ఇక చాలు అని చెప్పగలిగేది ఓటరు ఒక్కడే. ఆ మాటను ఓటర్లు ఏ పరిస్థితుల్లో, ఏ కారణాలతో, ఎంత స్వల్ప తేడాతో చెబుతారో తెలుసుకోవడానికి 1994 నవంబరు 8న న్యూయార్క్‌లో జరిగిన గవర్నర్ ఎన్నికకు మించిన ఉదాహరణ దొరకడం కష్టం. నాలుగోసారి గెలుపు కోరిన మారియో కువోమోను, రాష్ట్రంలో అత్యధికులకు అప్పటిదాకా పేరు కూడా తెలియని జార్జ్ పటాకీ ఆ రోజు ఓడించారు.

కువోమో సామాన్యమైన ప్రత్యర్థి కాదు. ఇటలీ నుంచి వలస వచ్చి న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో కిరాణా దుకాణం నడుపుకున్న దంపతులకు 1932లో పుట్టి, కొంతకాలం వృత్తి బేస్‌బాల్ ఆడి, న్యాయవాదిగా స్థిరపడిన ఆయన, 1970ల తొలి సంవత్సరాల్లో క్వీన్స్‌లోని ఫారెస్ట్ హిల్స్‌లో పేదల గృహనిర్మాణంపై రేగిన వివాదంలో మధ్యవర్తిగా తొలిసారి అందరి దృష్టిలో పడ్డారు. 1977లో నగర మేయర్ పదవికి పోటీపడి ఎడ్ కోచ్ చేతిలో ఓడిపోయిన ఆయనే, 1982లో గవర్నర్ అభ్యర్థిని ఎంపిక చేసే డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ ఓటర్లే తమ అభ్యర్థిని ఎన్నుకునే అంతర్గత ఎన్నికలో, అదే కోచ్‌ను ఓడించారు. ఆ తరువాతి అసలు పోటీలో రిపబ్లికన్ అభ్యర్థి లూయిస్ లేర్‌మన్‌పై సుమారు 1.8 లక్షల ఓట్ల తేడాతో బయటపడ్డారు. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన డెమోక్రటిక్ జాతీయ మహాసభలో, అధ్యక్షుడు రేగన్ వర్ణించే వెలుగుల అమెరికా పక్కనే ఆ వెలుగు సోకని మరో అమెరికా ఉందని ఆయన చేసిన ప్రసంగం దేశమంతటా మారుమోగింది. 1986లో దాదాపు 65 శాతం ఓట్లతో గెలవడంతో, ఇక ఆయన అధ్యక్ష పదవికి పోటీ చేయడమే మిగిలిందని పార్టీ శ్రేణులు నమ్మాయి.

ఆ నమ్మకమే తరువాత భారంగా పరిణమించింది. 1991 డిసెంబరు 20న, న్యూహాంప్‌షైర్ ప్రైమరీకి నామినేషన్ వేయడానికి ఆఖరి రోజున, రాష్ట్ర రాజధాని ఆల్బనీ విమానాశ్రయంలో ప్రయాణానికి విమానాలు సిద్ధంగా ఉండగా, రాష్ట్ర బడ్జెట్‌పై చట్టసభతో ఒప్పందం కుదరలేదు కనుక తాను పోటీ చేయడం లేదని ఆయన ప్రకటించారు. 1993లో అధ్యక్షుడు క్లింటన్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి ఆయన పేరు పరిశీలిస్తున్న సమయంలోనూ, తనను లెక్కలోకి తీసుకోవద్దని తెలియజేశారు. రెండుసార్లూ రాష్ట్రం పట్ల బాధ్యతే ఆయన చెప్పుకొన్న కారణం. అయితే ఏళ్ల తరబడి జాతీయ స్థాయిలో ఊహాగానాలకు కేంద్రంగా ఉన్న నాయకుడు మళ్లీ వచ్చి మరో నాలుగేళ్లు ఇవ్వమని అడిగినప్పుడు, ఈ నాలుగేళ్లలో కొత్తగా ఏం చేస్తారన్న ప్రశ్న సహజంగానే ఎదురవుతుంది; ఆ ప్రశ్నకు ఆయన ప్రచారం సూటి సమాధానం ఇవ్వలేకపోయింది.

దీర్ఘకాలం పదవిలో ఉన్నవారికి అనుకూలతలు లేకపోలేదు. పేరు అందరికీ తెలిసి ఉంటుంది, విరాళాలు సులభంగా వస్తాయి, వారధుల ప్రారంభోత్సవం నుంచి వరద సహాయం వరకు ప్రభుత్వపు ప్రతి మంచి పనికీ ఆ ముఖమే గుర్తుగా నిలుస్తుంది. కానీ అదే ముఖం ప్రతి కష్టానికీ గుర్తుగా మారే రోజు కూడా ఉంటుంది. 1990ల తొలినాళ్ల ఆర్థిక మాంద్యంలో న్యూయార్క్ రాష్ట్రం 5 లక్షలకు పైగా ఉద్యోగాలు కోల్పోయింది. 1987లో ఆమోదించిన ఆదాయపు పన్ను తగ్గింపులో చివరి విడతలు ఖజానా ఖాళీ కావడంతో వాయిదా పడ్డాయి. ఏప్రిల్ 1న మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి బడ్జెట్ గడువులోపల ఆమోదం పొందడం 1985 నుంచి ఒక్క ఏడాది కూడా జరగలేదు. ఈ జాప్యానికి బాధ్యత ఒక్కరిది కాదు. కువోమో పాలించిన పన్నెండేళ్లూ చట్టసభలో ఎగువ సభ అయిన సెనేట్ రిపబ్లికన్ల చేతుల్లోను, దిగువ సభ అయిన అసెంబ్లీ డెమోక్రాట్ల చేతుల్లోను ఉండగా, గవర్నరూ ఇరు సభల నాయకులూ కలిసి ముగ్గురు ఒక గదిలో కూర్చుని రాజీ కుదుర్చుకుంటే తప్ప బడ్జెట్ కదిలేది కాదు. అయినా ఆ ముగ్గురిలో రాష్ట్రమంతటికీ తెలిసిన పేరు ఒక్కటే కనుక నింద కూడా అక్కడికే చేరింది.

ఇన్ని అంశాల మధ్య ఒక అంశం మాత్రం పాలనా సామర్థ్యానికి సంబంధించినది కాదు, మనస్సాక్షికి సంబంధించినది. న్యూయార్క్‌లో చివరిసారిగా మరణశిక్ష అమలైంది 1963లో. ఆ శిక్షను పునరుద్ధరించే బిల్లును చట్టసభ ఏటా ఆమోదించేది, కువోమో ఏటా వీటో చేసేవారు. వీటో అంటే బిల్లును నిరాకరించే అధికారం; దాన్ని తోసిరాజనాలంటే ఉభయ సభల్లోను మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి, అది ఎప్పుడూ సమకూరలేదు. ఆయనకు ముందు గవర్నర్‌గా ఉన్న హ్యూ కేరీ కూడా ఇదే పని చేశారు గానీ, నేరాలు పెరిగి జనం భయంతో బతుకుతున్న కాలంలో వరుసగా పన్నెండు వీటోలు చేసిన కువోమో పేరే ఈ విషయానికి పర్యాయపదమైంది. విడుదలకు ఆస్కారం లేని యావజ్జీవ కారాగారమే నేరస్థుడికి అంతకన్నా కఠినమైన శిక్ష అని, పొరపాటున నిర్దోషిని చంపితే దిద్దుకునే దారి ఉండదని, ప్రభుత్వమే ప్రాణం తీయడం సమాజాన్ని దిగజారుస్తుందని ఆయన వాదించేవారు. ఆయన నేరస్థుల పట్ల మెతకగా ఉన్నారన్నది నిజం కాదు. ఆయన హయాంలో న్యూయార్క్ మునుపెన్నడూ లేనన్ని కొత్త జైలు గదులు కట్టింది. ఆ జైళ్ల నిర్మాణం తరువాతి కాలంలో తీవ్ర విమర్శకు గురైంది కూడా. కానీ మరణశిక్షపై ఆయన నిలకడ, దాని వల్ల ఓట్లు పోతాయని ప్రతి ఎన్నికలోనూ తెలిసి కూడా సడలని నిలకడ, ఆయన రాజకీయ జీవితంలో అన్నిటికన్నా గౌరవించదగిన భాగమని చెప్పవలసి ఉంటుంది.

ఎన్నికకు ముందు ఆ నిలకడకు ఒక పరీక్ష ఎదురైంది. టామస్ గ్రాసో అనే హంతకుడికి ఓక్లహోమా రాష్ట్రంలో మరణశిక్ష, న్యూయార్క్‌లో చేసిన మరో హత్యకు దీర్ఘకాల జైలుశిక్ష పడ్డాయి. అతను స్వయంగా మరణశిక్షనే కోరుకున్నా, ముందు న్యూయార్క్ శిక్ష పూర్తి కావాలన్న వాదనతో కువోమో అతన్ని ఓక్లహోమాకు పంపడానికి అంగీకరించలేదు. న్యాయశాస్త్రం దృష్ట్యా ఆ వాదనకు ఆధారం ఉన్నా, చావాలనుకునే హంతకుణ్ణి సైతం పన్ను చెల్లించేవారి సొమ్ముతో కాపాడుతున్నారని చెప్పడానికి ప్రత్యర్థులకు అంతకన్నా తేలికైన ఉదాహరణ అవసరం లేకపోయింది.

ఆ ప్రత్యర్థిని వెతికి తెచ్చిన వ్యక్తి న్యూయార్క్ నుంచి అమెరికా సెనేట్‌కు ఎన్నికైన రిపబ్లికన్ నాయకుడు ఆల్ఫాన్స్ డమాటో. జార్జ్ పటాకీ హడ్సన్ నది ఒడ్డున ఉన్న పీక్‌స్కిల్ అనే చిన్న పట్టణంలో 1945లో పుట్టారు. యేల్, కొలంబియా విశ్వవిద్యాలయాల్లో చదివి, 1980ల తొలినాళ్లలో తన ఊరికి మేయరై, తరువాత ఎనిమిదేళ్లు రాష్ట్ర అసెంబ్లీలో సభ్యుడిగా ఉండి, 1992లో సొంత పార్టీకే చెందిన సిటింగ్ సెనేటర్‌ను ప్రైమరీలో ఓడించి రాష్ట్ర సెనేట్‌కు చేరారు. గవర్నర్ పదవికి పోటీ చేసేనాటికి ఆ సెనేట్‌లో ఆయన మొదటి పదవీకాలమైనా పూర్తి కాలేదు. ఈ అనుభవలేమి లోపంగా కనిపించవలసింది, కానీ దీర్ఘకాల పాలకుడితో పోటీలో అదే ఆయనకు కలిసివచ్చింది; చెప్పుకోదగ్గ గతం లేని అభ్యర్థిపై దాడి చేయడానికి ఎదుటివారికి పట్టు దొరకదు, అసంతృప్తితో ఉన్న ప్రతి ఓటరూ ఆయనలో తనకు కావలసిన ప్రత్యామ్నాయాన్ని ఊహించుకోగలడు. ఆయన ప్రచారం కూడా మూడే విషయాలకు పరిమితమైంది: ఆదాయపు పన్ను 25 శాతం తగ్గింపు, మరణశిక్ష పునరుద్ధరణ, కువోమో మరీ ఎక్కువ ఉదారవాది, అదీ మరీ ఎక్కువ కాలంగా అన్న ఆరోపణ. అమెరికా రాజకీయ పరిభాషలో ఉదారవాది అంటే సంక్షేమానికి, పౌరహక్కులకు ప్రభుత్వం ఎక్కువ ఖర్చు, ఎక్కువ చొరవ చూపాలని కోరేవాడు. ఆ మాటను నిందగా మార్చి, దానికి కాలవ్యవధిని జోడించడంలోనే ఆ నినాదపు బలం ఉంది.

ఇక్కడ న్యూయార్క్ ఎన్నికల చట్టంలోని ఒక విశేషాన్ని వివరించక తప్పదు. చాలా రాష్ట్రాలు అనుమతించని ఫ్యూజన్ అనే పద్ధతి అక్కడ అమల్లో ఉంది. ఒకే అభ్యర్థిని రెండు మూడు పార్టీలు తమ అభ్యర్థిగా ప్రకటించవచ్చు. బ్యాలెట్‌పై ఆయన పేరు ప్రతి పార్టీ వరుసలోనూ విడిగా కనిపిస్తుంది. ఓటరు తనకు నచ్చిన పార్టీ వరుసలో ఓటు వేస్తాడు. చివరికి అన్ని వరుసల్లో వచ్చిన ఓట్లనూ కలిపి లెక్కిస్తారు. పొత్తులో సీట్లు పంచుకోవడానికి అలవాటు పడిన భారతీయ పాఠకుడికి ఇది వింతగా తోచవచ్చు గానీ, దీని వల్ల చిన్న పార్టీలు తమ బలాన్ని అంకెల్లో నిరూపించుకుని పెద్ద పార్టీలతో బేరమాడగలుగుతాయి. 1944లో ఏర్పడిన లిబరల్ పార్టీ సాధారణంగా డెమోక్రాట్లకు, 1962లో ఏర్పడిన కన్సర్వేటివ్ పార్టీ సాధారణంగా రిపబ్లికన్లకు తమ వరుసను ఇస్తూ వచ్చాయి. గవర్నర్ ఎన్నికలో 50,000 ఓట్లు తెచ్చుకున్న పార్టీకి తరువాతి నాలుగేళ్లు బ్యాలెట్‌పై చోటు దక్కుతుందన్న నిబంధన అప్పట్లో ఈ పార్టీలకు ఊపిరి.

1990 ఎన్నికలో ఈ పద్ధతే కువోమోకు మేలు చేసింది. రిపబ్లికన్ల అభ్యర్థి పియర్ రిన్‌ఫ్రెట్‌ను అంగీకరించని కన్సర్వేటివ్ పార్టీ హెర్బర్ట్ లండన్‌ను విడిగా నిలబెట్టగా, ఆ ఇద్దరికీ దాదాపు సమానంగా చెరో 20 శాతానికి కాస్త ఎక్కువ ఓట్లు పడ్డాయి, కువోమో 53 శాతంతో గెలిచారు. పైకి అది ఘనవిజయం. లోతుగా చూస్తే, బలహీనులైన ఇద్దరు ప్రత్యర్థులు చీల్చుకున్నా ఆయనకు వ్యతిరేకంగా 40 శాతానికి మించి ఓట్లు పోగయ్యాయని ఆ అంకెలే చెబుతున్నాయి. ఆ ఓట్లన్నీ ఒకచోట చేరితే ఏమవుతుందో డమాటోకు అర్థమైంది. 1994లో పటాకీ రిపబ్లికన్, కన్సర్వేటివ్ పార్టీల ఉమ్మడి అభ్యర్థి అయ్యారు. అది చాలదన్నట్టు పన్ను తగ్గింపు పేరుతోనే మూడో వరుస ఒకటి సృష్టించుకున్నారు.

పోటీ ముదిరే కొద్దీ మరికొందరు రంగంలోకి వచ్చారు. రేడియో వ్యాఖ్యాతగా పేరు మోసిన హవార్డ్ స్టెర్న్ లిబర్టేరియన్ పార్టీ అభ్యర్థిత్వం సంపాదించి, ఆస్తుల వివరాలు వెల్లడించాలన్న నిబంధన నచ్చక ఆగస్టులో తప్పుకుని, తరువాత పటాకీకి మద్దతు తెలిపారు. రోచెస్టర్ నగరానికి చెందిన పేచెక్స్ సంస్థ స్థాపకుడు టామ్ గొలిసానో సొంత డబ్బు వెచ్చించి స్వతంత్ర వేదికపై నిలబడ్డారు.

అన్నిటికన్నా పెద్ద కుదుపు అక్టోబరు 24న వచ్చింది. ఆ ఏడాది జనవరిలోనే న్యూయార్క్ నగర మేయర్‌గా బాధ్యతలు చేపట్టిన రిపబ్లికన్ రూడీ జూలియానీ, సొంత పార్టీ అభ్యర్థిని కాదని కువోమోకు మద్దతు ప్రకటించారు. పటాకీ వాగ్దానం చేసిన పన్ను తగ్గింపు వల్ల నగరానికి రాష్ట్రం నుంచి వచ్చే నిధులు తగ్గుతాయన్న ఆందోళన ఒకటి, డమాటోతో ఉన్న విభేదాలు మరొకటి ఈ నిర్ణయం వెనుక పనిచేశాయి. అంతవరకు వెనుకబడి ఉన్న కువోమో వెంటనే అభిప్రాయ సేకరణల్లో ముందుకు వచ్చారు, ఆట మారిందని పరిశీలకులు భావించారు. కానీ న్యూయార్క్ రాష్ట్రం అంటే న్యూయార్క్ నగరం ఒక్కటే కాదు. నగరానికి ఉత్తరాన, పడమరన బఫెలో, రోచెస్టర్, సిరక్యూస్ వంటి పట్టణాలతో, విస్తారమైన పల్లెలతో కెనడా సరిహద్దు దాకా పరుచుకున్న ప్రాంతాన్ని అప్‌స్టేట్ అంటారు. కర్మాగారాలు మూతపడి కుంగిపోతున్న ఆ ప్రాంత ప్రజల్లో, తమ పన్నులన్నీ నగరానికే తరలిపోతున్నాయన్న అనుమానం తరతరాలుగా ఉంది. నగర మేయర్ తన పార్టీని వదిలి గవర్నర్ పక్కన నిలబడటం వారికి ఆదర్శంగా కనిపించలేదు, నగరం కోసం తమ నెత్తిన చేసుకున్న ఒప్పందంగా కనిపించింది. పటాకీ ప్రచారం ఆ అనుమానానికే గాలి ఊదింది. మద్దతు ప్రకటించిన చోట లాభం తెచ్చిన చర్యే, అది వినిపించిన మరో చోట అంతకన్నా పెద్ద నష్టం తెచ్చిందని ఫలితాలు చూస్తే అనిపిస్తుంది.

ఆ ఫలితాలను నిదానంగా చదవాలి. పటాకీకి మొత్తం 25,38,702 ఓట్లు, కువోమోకు 23,64,904 ఓట్లు వచ్చాయి. శాతాల్లో అది 48.8, 45.4. తేడా 1,73,798. పటాకీకి కన్సర్వేటివ్ వరుసలో పడిన ఓట్లు 3,28,605, అంటే గెలుపు తేడాకు దాదాపు రెట్టింపు; పన్ను తగ్గింపు వరుసలో మరో 54,040. కువోమోకు లిబరల్ వరుసలో వచ్చినవి 92,001 మాత్రమే. గొలిసానో 2,17,490 ఓట్లు తెచ్చుకున్నారు, ఆ సంఖ్య కూడా గెలుపు తేడా కన్నా ఎక్కువే. నగరంలో కువోమో భారీ ఆధిక్యం సాధించగా, నగరం వెలుపల అత్యధిక కౌంటీలు, అంటే మన జిల్లాల వంటి పరిపాలనా విభాగాలు, పటాకీ వెంట నడిచాయి.

ఈ అంకెలన్నిటిలో తరచుగా మరుగున పడిపోయేది ఇంకొకటి ఉంది. 1990లో గెలిచినప్పుడు కువోమోకు వచ్చిన ఓట్లు 21.5 లక్షల పైచిలుకు. 1994లో ఓడినప్పుడు అంతకన్నా దాదాపు 2 లక్షలు ఎక్కువ వచ్చాయి. ప్రజలు ఆయన్ను వదిలేశారన్న సాధారణ అభిప్రాయానికి ఈ లెక్క సరిపోదు. ఆయన్ను అభిమానించేవారు మొత్తం మీద తగ్గలేదు. నాలుగేళ్ల క్రితం ఇంట్లో ఉండిపోయినవారు, రెండు వరుసల మధ్య చీలిపోయినవారు ఈసారి పోలింగ్ కేంద్రాలకు వచ్చి ఒకే పేరు దగ్గర కలిశారు. దీర్ఘకాల పాలకుడి ఓటమికి ప్రధానంగా కావలసినది ఆయన బలం కరిగిపోవడం కన్నా, చెల్లాచెదురుగా ఉన్న వ్యతిరేకతకు ఒక గూడు దొరకడమేనని ఈ ఎన్నిక స్పష్టంగా చూపుతుంది.

దేశవ్యాప్త గాలి కూడా ఇందుకు తోడైంది. అదే రోజు రిపబ్లికన్లు నలభై ఏళ్ల తరువాత ప్రతినిధుల సభలో మెజారిటీ సాధించారు, టెక్సస్‌లో గవర్నర్ యాన్ రిచర్డ్స్‌ను జార్జ్ డబ్ల్యూ. బుష్ ఓడించారు. అయితే ఓటమికి కారణమంతా ఆ గాలేనని చెప్పడం న్యూయార్క్ ఓటరుకు అన్యాయం చేయడమే అవుతుంది. 1970లో నెల్సన్ రాక్‌ఫెల్లర్ నాలుగోసారి ఎన్నికైన తరువాత అక్కడ మరే రిపబ్లికన్నూ గవర్నర్‌గా ఎన్నిక కాలేదు. ఆ పార్టీకి అలవాటుగా ఓటు వేసే రాష్ట్రం కాదది. అలాంటి చోట ఇంత ఓటు పటాకీకి చేరిందంటే, దాని వెనుక పన్నెండేళ్ల స్థానిక అనుభవం ఉంది.

రాక్‌ఫెల్లర్ తరువాత నాలుగు విజయాలు మరెవరికీ సాధ్యపడలేదు. కువోమోను ఓడించిన పటాకీ స్వయంగా 1998లో, 2002లో గెలిచి, సరిగ్గా కువోమో లాగే పన్నెండేళ్లు పాలించి, నాలుగోసారి పోటీకి దిగకుండా తప్పుకున్నారు. 1982 ఎన్నికలో తండ్రి ప్రచారానికి కీలకంగా పనిచేసిన ఆండ్రూ కువోమో 2010, 2014, 2018 ఎన్నికల్లో గెలిచి, మూడో పదవీకాలం మధ్యలో 2021లో రాజీనామా చేశారు. ఆండ్రూ రెండోసారి ప్రమాణస్వీకారం చేసిన 2015 జనవరి 1వ తేదీనే మారియో కువోమో కన్నుమూశారు.

పటాకీ తన వాగ్దానాలను నిలబెట్టుకున్నారు. పన్ను తగ్గింపు చట్టమైంది. గ్రాసోను ఓక్లహోమాకు పంపగా 1995 మార్చి 20న అక్కడ మరణశిక్ష అమలైంది. అదే నెల 7న మరణశిక్ష బిల్లుపై గవర్నర్ సంతకం చేయగా సెప్టెంబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. కొన్ని కేసుల్లో మరణశిక్షలు పడ్డాయి, అప్పీళ్లు మొదలయ్యాయి. ఆ అప్పీళ్లు చేరేది న్యూయార్క్‌లో అత్యున్నత న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ అపీల్స్‌కు. అందులోని ఏడుగురు న్యాయమూర్తులను సెనేట్ ఆమోదంతో గవర్నర్ నియమిస్తారు, వారి పదవీకాలం 14 ఏళ్లు, అంటే నియమించిన గవర్నర్ ఓడి ఇంటికి వెళ్లినా వారు కొనసాగుతారు. జ్యూరీ సభ్యుల మధ్య ఏకాభిప్రాయం రాకపోతే నిందితుడికి ఎప్పటికైనా విడుదలయ్యే అవకాశమున్న శిక్ష పడుతుందని ముందే చెప్పాలన్న నిబంధన, ఆ భయంతో వారిని మరణశిక్ష వైపు నెడుతుందని 2004 జూన్ 24న ఆ న్యాయస్థానం తేల్చి, చట్టంలోని ఆ భాగం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని ప్రకటించింది. దాంతో మరణశిక్ష ఆచరణలో నిలిచిపోయింది; ఆ చట్టం కింద న్యూయార్క్‌లో ఒక్కరి ప్రాణమూ తీయలేదు. తీర్పు నలుగురు, ముగ్గురుగా చీలి వచ్చింది. మెజారిటీలో నిలిచిన ఆ నలుగురిలో ముగ్గురు, జుడిత్ కే, జార్జ్ బండీ స్మిత్, కార్మెన్ సిపారిక్, మారియో కువోమో నియమించినవారు.